తపస్సుకాలం మొదలయ్యాక ఊరికి వచ్చిన ఫాదర్

విభూది బుధవారం దగ్గరపడుతోందంటే మన కతోలిక కుటుంబాల్లో ఒకటే చర్చ. ఈసారి ఏం మానేద్దాం? చిన్నపిల్లలు చాక్లెట్ అంటారు. కాస్త పెద్దవాళ్లు వీడియో గేమ్స్ అంటారు. మనం కాఫీ అనుకుని, రెండో రోజుకే దాన్ని టీగా మార్చుకుంటాం. ఊళ్లో ఉన్నప్పుడు ఈ చర్చే లేదు. ఈస్టర్ దాకా ఇంట్లో నీసు వండేవాళ్లు కాదు. శుక్రవారం సాయంత్రమైతే గుడిలో సిలువ మార్గం. పెళ్లిళ్లు, పేరంటాలు ఏవున్నా పండగ దాటాకే. ఊరంతా ఒకే పద్ధతి కాబట్టి ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని ఉండేది కాదు.

ఇక్కడ ఎవరి పద్ధతి వాళ్లది. అందుకే విదేశాల్లో పిల్లల్ని పెంచుతున్న మనలాంటి వాళ్లకి ఏటా ఈ రోజుల్లో ఒక సందేహం వస్తుంది. భక్తి విషయంలో పిల్లల మీద ఎంత గట్టిగా ఉండాలి? గట్టిగా ఉంటే విసుగెత్తి గుడికే దూరమవుతారేమో. వదిలేస్తే ఏమీ తెలియకుండా పెరుగుతారేమో. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని, వేదాంతం చదువుకోలేదు. కానీ సరిగ్గా ఈ సందేహంతోనే ఒకే ఊళ్లో 41 ఏళ్లు గడిపిన ఒక విచారణ గురువు కథ నాకు తెలుసు. ఆయన పునీత జాన్ మరియ వియాన్నీ. ప్రపంచంలోని కతోలిక విచారణ గురువులందరికీ పాలక పునీతుడు. తపస్సుకాలానికీ ఆయనకీ ఉన్న సంబంధం ఆ ఊళ్లో అడుగుపెట్టిన రోజు నుంచే మొదలైంది.

ఇతర మతాల మిత్రుల కోసం ముందు రెండు మాటలు. ఈస్టర్‌కి ముందు, ఆదివారాలు మినహాయిస్తే వచ్చే 40 రోజులే తపస్సుకాలం. మన వాళ్లు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు నియమంగా ఉంటారే, అలాంటి దీక్షాకాలం అనుకోండి. ప్రార్థన, ఉపవాసం, దానం ఇందులో ముఖ్యమైన మూడు పనులు. మొదటి రోజు విభూది బుధవారం. గత ఏడాది మట్టల ఆదివారం నాటి మట్టల్ని కాల్చి, ఆ బూడిదతో గురువు నుదుట సిలువ గుర్తు వేస్తారు. ఆ రోజు గుడికి వెళ్లి తీరాలన్న నియమం లేదు. అయినా అమెరికాలో ఆ ఒక్క రోజు చర్చి దగ్గర పార్కింగ్ దొరకదు. మా ఆఫీసులో ఒక తమిళ మిత్రుడి నుదుట రోజూ విభూది ఉంటుంది, నా నుదుట ఏడాదికి ఒక్క రోజు. ఆ రోజు మా ఇద్దరినీ చూసి అమెరికన్ సహోద్యోగులు తికమకపడుతుంటారు.

ఇక వియాన్నీగారి దగ్గరికి వద్దాం.

గడ్డిబండ్ల చాటున సత్ప్రసాదం

ఆయన పుట్టింది 1786 మే 8న, ఫ్రాన్స్‌లోని లియోన్ నగరానికి దగ్గర్లో ఉన్న దార్దిలీ అనే పల్లెటూళ్లో. తండ్రి మాథ్యూ, తల్లి మరియ. వ్యవసాయ కుటుంబం, ఆరుగురు పిల్లల్లో ఈయన నాలుగో వాడు. గొర్రెలు, పశువులు కాస్తూ పెరిగాడు. మూడేళ్ల వయసులో ఫ్రెంచి విప్లవం వచ్చింది. కొత్త ప్రభుత్వం చెప్పినట్టు ప్రమాణం చేయని గురువులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగారు. గుళ్లు మూతపడ్డాయి. పల్లెల్లో అర్ధరాత్రి ఏ రైతు ఇంట్లోనో, ఏ కొట్టంలోనో దొంగచాటుగా పూజ జరిగేది. వియాన్నీ కుటుంబం చీకట్లో నడిచి ఆ పూజలకి వెళ్లేది.

1799లో, 13 ఏళ్ల వయసులో, పక్కనున్న ఎకుల్లీలో ఒక ఇంట్లో ఆయన మొదటిసారి దివ్యసత్ప్రసాదం తీసుకున్నాడు. లోపల కొవ్వొత్తుల వెలుగు బయటికి కనబడకుండా కిటికీలకి అడ్డంగా గడ్డిబండ్లు నిలబెట్టారు. గడ్డి దింపుతున్నట్టు నటిస్తూ మగవాళ్లు బయట కాపలా కాశారు. మన పిల్లల మొదటి సత్ప్రసాదానికి తెల్ల గౌను, హాలు బుకింగ్, కేకు ఆర్డరు చూసుకుంటుంటే నాకు ఆ గడ్డిబండ్లు గుర్తొస్తుంటాయి. దాక్కుని పూజ చేసే గురువుల్ని చూసే ఆ పిల్లవాడికి తానూ గురువు కావాలనిపించింది.

లాటిన్ రాని విద్యార్థి

కోరికైతే కలిగింది కానీ చదువు లేదు. పొలం పని వదులుకోవడానికి తండ్రి చాలాకాలం ఒప్పుకోలేదు. చివరికి ఎకుల్లీలోని ఫాదర్ షార్ల్ బాలీ దగ్గర చేరేసరికి ఆయనకి 20 ఏళ్లు. ఆ రోజుల్లో గురువు కావాలంటే లాటిన్ రావాలి. పక్కన కూర్చున్న చిన్నపిల్లలకి వచ్చేది, ఈయనకి వచ్చేది కాదు. ఎంత బట్టీ పట్టినా మర్నాటికి మరిచిపోయేవారు. లాటిన్ రావాలని మొక్కుకుని, దారిలో భిక్షమెత్తుకుంటూ, లా లువెస్క్‌లోని పునీత ఫ్రాన్సిస్ రెజిస్ క్షేత్రానికి కాలినడకన వెళ్లొచ్చారు.

అంతలో 1809లో నెపోలియన్ సైన్యం నుంచి పిలుపు వచ్చింది. స్పెయిన్ యుద్ధానికి పోవాలి. జబ్బుపడి ఆస్పత్రిలో ఉండటంతో ఆయన దళం వెళ్లిపోయింది. వెనకాల వెళ్తుండగా దారిలో కలిసిన ఒకతను ఆయన్ని కొండల్లోకి, లె నోయె అనే ఊరికి తీసుకెళ్లాడు. సైన్యం నుంచి తప్పించుకున్న వాళ్లు తలదాచుకునే చోటు అది. అక్కడ క్లాడిన్ ఫయో అనే వితంతువు ఇంట్లో, జెరోమ్ విన్సెంట్ అనే మారుపేరుతో, పిల్లలకి చదువు చెబుతూ ఏడాదికి పైగా దాక్కున్నారు. 1810లో నెపోలియన్ పెళ్లి సందర్భంగా ఇచ్చిన క్షమాభిక్ష వల్ల బయటపడ్డారు. ఆయన బదులుగా తమ్ముడు సైన్యంలో చేరాడు. ఆ తమ్ముడు మళ్లీ ఇంటికి రాలేదు. ఈ బాధ ఆయనతో జీవితాంతం ఉండి ఉంటుందని నా ఊహ.

1813లో లియోన్‌లోని పెద్ద సెమినరీలో చేరితే, పాఠాలన్నీ లాటిన్‌లోనే కావడంతో కొద్ది నెలలకే ఇంటికి పంపేశారు. మార్కులే లోకంగా బతికే మన తెలుగు తల్లిదండ్రులు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఫాదర్ బాలీ మాత్రం ఆయన్ని వదల్లేదు. సొంతంగా పాఠం చెప్పారు, పెద్దల్ని బతిమాలారు. చివరికి ఫ్రెంచిలో పరీక్ష పెడితే చక్కగా జవాబు చెప్పారట. మేత్రాసనం వికార్ జనరల్ కూడా ఈ అబ్బాయి చదువు గురించి పెద్దగా పట్టించుకోలేదు. భక్తి ఉందా, జపమాల చెప్పుకుంటాడా అని విచారించి, ఉందని తెలుసుకుని అనుమతి ఇచ్చేశారు. 1815 ఆగస్టు 13న గ్రెనోబుల్‌లో గురుపట్టం అందింది. అప్పటికి ఆయనకి 29 ఏళ్లు. గుర్తుంచుకోవాల్సిన విషయం ఇంకొకటుంది. పట్టమైతే ఇచ్చారు కానీ, పాపసంకీర్తనం వినే అధికారం వెంటనే ఇవ్వలేదు. ఇతరుల మనసుకి దారి చూపేంత తెలివి ఈయనకి ఉందా అని పెద్దల అనుమానం.

ఎకుల్లీలోనే ఫాదర్ బాలీకి సహాయకుడిగా రెండేళ్లు ఉన్నారు. ఉపవాసాల్లో గురుశిష్యులిద్దరూ పోటీపడేవారు. మా ఫాదర్ ఆరోగ్యం పాడుచేసుకుంటున్నారని ఈయన పెద్దలకి చెబితే, ఈ కుర్రాడు మితిమీరుతున్నాడని ఆయన చెప్పారట. 1817 డిసెంబరులో బాలీగారు చనిపోయారు. రెండు నెలలకి వియాన్నీగారికి కొత్త ఊరు చూపించారు. ఆ ఊరి పేరు ఆర్స్.

230 మంది ఉన్న ఊరు

ఆర్స్ లియోన్‌కి ఉత్తరంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. జనాభా 230. మన అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. పూర్తిస్థాయి విచారణ కూడా కాదు, పక్క ఊరి విచారణకి అనుబంధంగా ఉన్న చిన్న గుడి. అక్కడికి పంపడమంటే ఒకరకంగా మూలకి తోసేయడమే.

ఆయన ఆ ఊరు చేరింది 1818 ఫిబ్రవరి రెండో వారంలో. ఆ ఏడాది ఈస్టర్ మార్చి 22న వచ్చింది. క్యాలెండరు లెక్క ప్రకారం ఈస్టర్ అంతకన్నా ముందు రావడం కుదరదు. 1818 తర్వాత అలా మళ్లీ రాలేదు, ఇక వచ్చేది 2285లోనే. కాబట్టి ఆ ఏడాది విభూది బుధవారం ఫిబ్రవరి 4న పడింది. అంటే వియాన్నీగారు వచ్చేసరికి తపస్సుకాలం మొదలై పది రోజులు కూడా కాలేదు. నుదుటి బూడిద ఇంకా పూర్తిగా చెరగని రోజుల్లో ఊరికి కొత్త ఫాదర్ వచ్చారన్నమాట.

ఎకుల్లీ నుంచి నడిచే వచ్చారు. వెంట ఒక బండి మీద మంచం, కొన్ని బట్టలు, పుస్తకాలు. పొగమంచులో దారి తప్పి, గొర్రెలు కాస్తున్న ఒక పిల్లవాణ్ణి అడిగారు. వాడి పేరు ఆంటోయిన్ జీవ్ర్. ఆర్స్‌కి దారి చూపినందుకు ప్రతిగా నీకు మోక్షానికి దారి చూపిస్తానని ఆయన ఆ పిల్లవాడికి మాట ఇచ్చినట్టు ఆ ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ చోట ఇప్పుడు ఇద్దరి విగ్రహాలు ఉన్నాయి.

ఊరు చెడ్డ ఊరేమీ కాదు. విప్లవం తర్వాత పట్టు తప్పిన ఊరు, అంతే. గుడికి ఆడవాళ్లు కొందరు వచ్చేవారు. మగవాళ్లు ఆదివారం కూడా పొలానికి పోయేవారు. అంత చిన్న ఊళ్లో నాలుగు సారాకొట్లు. సాయంత్రమైతే డాన్సులు. ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేసి, ఈస్టర్ రోజుల్లో సత్ప్రసాదం తీసుకోవాలన్నది 1215 నుంచి ఉన్న శ్రీసభ నియమం. పల్లెల్లో ఒక విచారణ ఎలా ఉందో చూడటానికి అదే కొలబద్ద. తపస్సుకాలమంతా దానికి సిద్ధపడే కాలం. ఆర్స్‌లో ఆ కొలబద్ద మీద నిలబడేవాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, తక్కువ.

గట్టి చేయి

కొత్త ఫాదర్ మొదట చేసింది తన ఇంటిని ఖాళీ చేయడం. ఊరి జమీందారిణి ఇంటి నుంచి వచ్చిన మంచి సామాను తిరిగి పంపేశారు. పరుపు ఎవరికో ఇచ్చేశారు. వారానికి సరిపడా బంగాళాదుంపలు ఒకేసారి ఉడకబెట్టుకుని, ఆకలేసినప్పుడు ఒకటో రెండో చల్లారినవే తినేవారు. వారం చివరికి వాటికి బూజు పట్టేది. తెల్లవారకముందే గుడికి వెళ్లి, ఒంటరిగా ఊరి కోసం ప్రార్థన చేసేవారు. ఊరివాళ్లు మొదట చూసింది గుడి కిటికీలో ఆ లాంతరు వెలుగునే.

తర్వాత ఊరి మీద పడ్డారు. పల్లెటూరి మాటల్లోనే, గట్టి గొంతుతో ప్రసంగాలు చేసేవారు. ఒక్కో ప్రసంగం కోసం రాత్రిళ్లు గంటల తరబడి బట్టీ పట్టినా, మధ్యలో మరిచిపోయి వేదిక దిగిపోయిన రోజులూ ఉన్నాయి. సారాకొట్ల మీద, ఆదివారం పనుల మీద, డాన్సుల మీద ఏళ్ల తరబడి పోరాడారు. స్నాపక యోహానుగారి పేరు మీద గుడిలో ఒక చిన్న పక్కగుడి కట్టించి, ఆయన తల ఒక్క డాన్సుకి వెలగా పోయిందని గుర్తుచేసే మాటలు దాని కమాను మీద రాయించారు. డాన్సులకి వెళ్లేవాళ్లకి పాపక్షమాపణ ఇవ్వడానికి నెలల తరబడి ఒప్పుకునేవారు కాదు. అది లేకపోతే ఈస్టర్‌కి సత్ప్రసాదం లేదు. ఒక అమ్మాయి ఒక్క సాయంత్రం ఆడినందుకు పండగ రోజు పీఠం దగ్గరికి రాలేక వెనక బెంచీలో కూర్చోవాల్సి వచ్చేది.

పరమ పునీతుడు కదా అని ఈ భాగాన్ని దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఆ కాలపు ఫ్రాన్స్‌లో చాలామంది గురువులు అంతే కఠినంగా ఉండేవారు, ఆయనకి నేర్పింది కూడా అదే. ఫలితం ఉంది. సారాకొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఆదివారం పొలాలు ఖాళీ అయ్యాయి, సాయంత్రం ప్రార్థనకి జనం రావడం అలవాటైంది. పొలానికి వెళ్తూ వస్తూ పనిముట్లు గుడి బయట పెట్టి, లోపల మౌనంగా కూర్చునే ముసలి రైతు ఒకాయన ఉండేవారు. దివ్యమందసం వైపు చూస్తూ ఉండిపోవడమే ఆయన ప్రార్థన. కానీ కోపాలూ ఉన్నాయి. ఫాదర్ మీద నీచమైన నింద వేశారు, ఆయన ఇంటి తలుపుకి మురికి పూశారు. చుట్టుపక్కల గురువులు కొందరు చదువురాని వాడని ఎగతాళి చేశారు. ఆయన ఈ పదవికి తగరంటూ బిషప్‌కి ఒక అర్జీ తయారైంది. అది పొరపాటున ఆయన చేతికే వస్తే, చదివి, తానూ ఒప్పుకుంటున్నట్టు కింద సంతకం పెట్టి పంపించారట.

బరువు చేతులు మారింది

అసలు విషయం ఇక్కడ ఉంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆయన మారారు. నియమాలు మారలేదు, వాటి బరువు ఎవరు మోయాలన్నది మారింది.

1823 ప్రాంతంలో పక్కనున్న త్రెవూ పట్టణంలో పాపసంకీర్తనాలు వినడానికి సాయం వెళ్లారు. జనం ఎంత ఒత్తిడి చేశారంటే ఆయన కూర్చున్న చెక్క పెట్టె పడిపోయేంత పనైందని చెబుతారు. అక్కడివాళ్లు తర్వాత ఆర్స్‌కే రావడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి ఇంకొకళ్లు. ఒకప్పుడు పాపసంకీర్తనం వినే అధికారం ఇవ్వడానికే పెద్దలు సందేహించిన మనిషి, చలికాలంలో రోజుకి 11, 12 గంటలు, వేసవిలో 16 గంటల దాకా ఆ పెట్టెలోనే గడిపారు. 1855 నాటికే ఏడాదికి 20 వేల మంది వచ్చేవారని పాత లెక్క, ఆ తర్వాత ఇంకా పెరిగారు. వంతు రావడానికి రోజులు పట్టేది కాబట్టి, లియోన్ స్టేషన్‌లో ఆర్స్ యాత్రికులకి ఎనిమిది రోజులు చెల్లే రానుపోను టికెట్లు అమ్మేవారని ఆయన జీవితచరిత్రల్లో ఉంది.

అన్ని వేలమంది గోడు విన్న మనిషికి జనం ఎంత బలహీనులో, ఎంత దిగులుతో బతుకుతున్నారో తెలియకుండా ఎలా ఉంటుంది? అదే సమయంలో ఫ్రాన్స్‌లో పునీత అల్ఫోన్సస్ లిగోరి బోధనలు వ్యాపించాయి. పాపిని తరిమేయకుండా చేరదీయాలనే ధోరణి వాటిది. వియాన్నీగారు కూడా క్షమాపణని నెలల తరబడి ఆపడం మానేశారు. పెద్ద పెద్ద ప్రాయశ్చిత్తాలు వేయడం తగ్గించారు. ఎలా కుదురుతోందని మరో గురువు అడిగితే, వచ్చినవాళ్లకి చిన్నది వేసి, మిగతాది వాళ్ల బదులు తానే చేస్తానని చెప్పారట. రాత్రిపూట నిద్ర మానుకున్నది, ఉపవాసాలున్నది అందుకే. పెద్దవయసులో తన తొలినాళ్ల ఉపవాసాల గురించి మాట్లాడేటప్పుడు కుర్రతనపు పిచ్చిపనులని నవ్వేసేవారు. అవి తప్పని కాదు. తినకుండా ఉండటమొక్కటే గొప్ప కాదని ఆయనకి అప్పటికి తెలిసింది.

దానం విషయంలోనూ అంతే. 1824లో పేద ఆడపిల్లల కోసం ప్రొవిడెన్స్ అనే ఉచిత పాఠశాల పెట్టారు. అది తర్వాత అనాథలకి ఇల్లయింది. కాత్రిన్ లాసాన్య్, బెన్వాత్ లార్దే అనే ఇద్దరు పల్లెటూరి అమ్మాయిలు దాన్ని నడిపారు. అక్కడ రోజూ పిల్లలకి ఆయన చెప్పే సత్యోపదేశం వినడానికి పెద్దవాళ్లూ చేరేవారు. 1852లో బిషప్ ఆయనకి గౌరవ పదవి ఇచ్చి పట్టు అంగీ కప్పితే, దాన్ని 50 ఫ్రాంకులకి అమ్మి ఆ డబ్బు ధర్మకార్యానికి ఇచ్చేశారు. 1855లో ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ ఇస్తే ఎన్నడూ పెట్టుకోలేదు.

పారిపోవాలనుకున్న ఫాదర్

ఇంత చేసిన మనిషికి ఆర్స్‌లో ఉండటం ఇష్టమేనా అంటే, అదీ చెప్పలేం. తాను పనికిరానివాణ్ణని, ఇంతమంది ఆత్మలకి జవాబుదారీ కాలేనని ఆయనకి జీవితమంతా భయం. ఎక్కడైనా మఠంలో చేరి ఒంటరిగా ఏడ్చుకోవాలని కోరిక. 1843లో తీవ్రంగా జబ్బుపడి కోలుకున్నాక, ఒక రాత్రి చెప్పాపెట్టకుండా దార్దిలీలోని అన్నగారి ఇంటికి వెళ్లిపోయారు. ఊరికి ఊరే వెతుక్కుంటూ వచ్చింది. వారం గడవకముందే తిరిగొచ్చారు. 1853లో మళ్లీ బయల్దేరితే, గంట మోగించి జనాన్ని లేపి, దారికి అడ్డం నిలబడ్డారు. ఒకప్పుడు తలుపుకి మురికి పూసిన ఊరు ఇప్పుడు ఆయన్ని కదలనివ్వలేదు. ఆయన వెనక్కి తిరిగి నేరుగా గుడిలోకి వెళ్లి కూర్చున్నారు.

1859 జూలైలో ఎండలు మండిపోయాయి. ఆ నెలాఖరు దాకా రోజులాగే కూర్చుని, చివరికి లేవలేకపోయారు. మంచం మీద ఉండి కూడా కొందరి పాపసంకీర్తనాలు విన్నారు. ఆగస్టు 4 తెల్లవారుజామున, 73 ఏళ్ల వయసులో కన్నుమూశారు. 1905లో ధన్యుడిగా, 1925 మే 31న పునీతుడిగా శ్రీసభ ప్రకటించింది. 1929లో విచారణ గురువులందరికీ పాలకుడయ్యారు. ఏటా ఆగస్టు 4న మన తెలుగు మేత్రాసనాల్లో కూడా గురువులకి శుభాకాంక్షలు చెప్పుకునేది అందుకే.

కొన్నేళ్ల క్రితం ఆఫీసు పనిమీద లియోన్ వెళ్లినప్పుడు ఒక ఆదివారం ఆర్స్ చూసొచ్చాను. పాత చిన్న గుడిని అలాగే ఉంచి, దానికి ఆనించి పెద్ద బసిలికా కట్టారు. అద్దాల పేటికలో ఆయన భౌతికకాయం ఉంది. కానీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆయన వంటగది. బంగాళాదుంపలు ఉడకబెట్టుకున్న కుండ అక్కడే ఉంది. మా ఊళ్లో నాయనమ్మ గంజి కాచే కుండకీ దానికీ పెద్ద తేడా కనిపించలేదు.

మన ఇంట్లో, మన పారిష్‌లో

ఇప్పుడు మొదట్లో వేసుకున్న ప్రశ్నకి వద్దాం. పిల్లల మీద ఎంత గట్టిగా ఉండాలి? నియమాల లెక్క నిజానికి చిన్నది. ఇప్పటి శ్రీసభ నియమం ప్రకారం పెద్దలకి విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం, ఈ రెండు రోజులే ఉపవాసం. అమెరికాలో 14 ఏళ్లు దాటినవాళ్లు ఆ రెండు రోజులూ, తపస్సుకాలపు శుక్రవారాలూ మాంసం మానాలి. 1818 నాటి ఆర్స్ రైతులు తపస్సుకాలమంతా ఒంటిపూట భోజనంతో గడపాల్సినవాళ్లు. వాళ్లతో పోలిస్తే మనది సులువు. సులువు కాబట్టే మిగతాది ఇంట్లో మనం నిర్ణయించుకోవాల్సి వస్తోంది.

వియాన్నీగారి జీవితం నుంచి నాకు అర్థమైంది ఒక్కటే. ఇంట్లో నియమం ఉండాలి, కానీ దాని బరువులో పెద్ద వాటా పెద్దవాళ్లది. పిల్లవాడు ఫోన్ గంటసేపు మానితే, మనం రెండు గంటలు మానాలి. వాడు ఒక వారం తప్పితే, పాఠం చెప్పే బదులు ఆ వారానిది మనం చేయాలి. మాంసం మానడం వల్ల మిగిలిన డబ్బు చర్చిలో ఇచ్చే ఆ అట్టపెట్టె రైస్ బౌల్‌లోకి వెళ్తోందో లేదో మనమే చూడాలి. ఆర్స్ జనం మారింది ప్రసంగాలకి కాదని నా నమ్మకం. తెల్లవారకముందే గుడి కిటికీలో లాంతరు వెలుగుతోందని వాళ్లకి తెలుసు. మన పిల్లలకి కూడా మన ఇంట్లో ఏ దీపం ఎప్పుడు వెలుగుతోందో తెలుస్తుంది.

ఇంకొక మాట. మనం ఉండే దేశాల్లో చాలా పారిష్‌లలో ఇప్పుడు విచారణ గురువులు, సహాయక గురువులు మన ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవాళ్లే. భాష కొత్త, చలి కొత్త, రెండు మూడు గుళ్లు ఒక్కరే చూసుకోవాలి. యాస అర్థం కాలేదని ఫిర్యాదు చేసేవాళ్లూ ఉంటారు. లాటిన్ రాదని వెనక్కి పంపిన వియాన్నీగారి బాధ వాళ్లకి బాగా తెలుస్తుంది. విభూది బుధవారం నాడు తెల్లవారు నుంచి రాత్రి దాకా వందల నుదుళ్ల మీద సిలువ గుర్తు వేసి, వాళ్లు ఒంటరిగా ఇంటికి వెళ్తారు. ఉపవాసం రోజు కాబట్టి ఆ సాయంత్రం విందుకి పిలవలేం. తర్వాత వచ్చే శుక్రవారం, పారిష్ హాల్లో చేపల వేపుడు తినడానికి మనం వెళ్లే బదులు, ఆయన్నే మన ఇంటికి పిలిచి పప్పు, గోంగూర, పెరుగన్నం పెట్టొచ్చు. శుక్రవారం నియమం తప్పదు, మన వంటా తప్పదు. ఆ భోజనాల దగ్గర పిల్లల చేతనే అడిగించండి, ఈ తపస్సుకాలంలో మేం ఏం చేయాలి ఫాదర్ అని. జవాబు మనకన్నా ఆయన బాగా చెబుతారు.